రెండు బాణాల గుర్తు

2021 మే 20, గురువారం. రాత్రి తొమ్మిది దాటింది. గరివిడిలో మా పెదనాన్న ఇంటి ముందు కారు ఆగి ఉంది. ముందు సీటు వెనక్కి వాల్చి తలగడ వేశారు. డిక్కీలో దుప్పటి, నీళ్ల క్యాను, పెద్దమ్మ కట్టిన పులిహోర పొట్లాలు. వీధిలో కర్ఫ్యూ. కుక్కల అరుపు తప్ప మనుషుల అలికిడి లేదు. విజయనగరం వైపు గూడ్సు బండి పోతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినబడింది.

"తెల్లారి పది కొట్టేసరికి కృష్ణపట్నంలో ఉంటాం" అన్నాడు అన్నయ్య, తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ.

లోపల మంచం మీద పెదనాన్న. 68 ఏళ్లు. ఫేకర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. జ్వరం మొదలై ఆ రోజుకు ఏడో రోజు. రెండు మాటలు పలికి, మూడో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

గరివిడి నుంచి కృష్ణపట్నానికి 700 కిలోమీటర్ల పైమాటే. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు దాటాలి. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఓడరేవు ఊరది. అంతకు ముందు మా ఇంట్లో ఆ ఊరి పేరు ఎత్తినవాళ్లు లేరు. ఒక్క వారంలో అది తిరుపతి అంత తెలిసిన ఊరైపోయింది.

ఆ ప్రయాణం ఎందుకు తలపెట్టామో, ఎలా ఆగిందో, ఆ తర్వాత ఏం జరిగిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కృష్ణపట్నం సంగతులన్నీ ఆనాడు పత్రికలూ టీవీలూ చూపించినవే. గరివిడిలో జరిగింది మా ఇంట్లో జరిగింది. ఇంటివాళ్ల పేర్లు రాయను.

*

ఆ మే నెల ఎలాంటిదో మరిచిపోయినవాళ్లుంటారా? 16వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 24,171 కరోనా కేసులు వచ్చాయి. అంతకు ఆరు రోజుల ముందు, 10వ తేదీ రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా కొద్దిసేపు ఆగితే 11 మంది చనిపోయారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఆసుపత్రికి వెళ్లినవాళ్లు తిరిగి రారన్న మాట ఊళ్లో గాలిలా తిరుగుతోంది. ఏ ఫోను తెరిచినా ఎవరో ఒకరి ఫొటో, దాని కింద దండం పెట్టే చేతులు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ వీడియో. కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య అనే ఆయన, ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి, చెట్టు చేమలు తెచ్చి కరోనాకు మందు కాస్తున్నాడు. పైసా తీసుకోవడం లేదు. మిరియాలు, పసుపు, తేనె, నల్లజీలకర్ర, జాజికాయ, వేపచిగురు, తెల్లజిల్లేడు పువ్వు. వినేవాళ్లకు ఇందులో పరాయిదంటూ ఒక్కటీ లేదు. ఆయాసం ఎక్కువైనవాళ్లకు కంట్లో చుక్కలు. ఆ చుక్కలు పడ్డాక కొద్ది నిమిషాల్లోనే ఆక్సిజన్ పెరుగుతుందని, పడుకున్న మనిషి లేచి కూర్చుంటాడని చెప్పుకున్నారు. అధికారులు మధ్యలో ఆపించారు. మళ్లీ శుక్రవారం, మే 21న, పంపిణీ మొదలవుతుందన్న కబురు వచ్చింది. కారు సిద్ధమైంది అందుకే.

ఆ వీడియో పైన రెండు బాణాల గుర్తు ఉంది. ఒక సందేశం చేతులు మారీ మారీ బాగా దూరం వచ్చిందంటే వాట్సాప్ ఆ గుర్తు పెడుతుంది. జాగ్రత్త, ఇది నీకు పంపినవాడి సొంత మాట కాదు అని దాని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా కట్టడి కూడా చేశారు. ఒక్కొక్కరికే పంపుకుంటూ కూడా ఆ వీడియో నెల్లూరు సముద్రం ఒడ్డు నుంచి గరివిడి దాకా వచ్చింది.

ఆ గుర్తు చూపించి పెద్దమ్మకు చెప్పబోయాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు.

"అంతమంది పంపించినారంటే నిజమే కదేటి? అబద్దమైతే అంతమంది ఎందుకు పంపుతారు బావూ?"

హెచ్చరిక కోసం పెట్టిన గుర్తు మా ఇంట్లో సాక్ష్యమైపోయింది. నాకు సమాధానం దొరకలేదు.

*

నేను చేసిన పని కూడా చెప్పాలి. రెండు రోజుల ముందే మా కుటుంబం గ్రూపులో ఒక లింకు పెట్టాను. ఆ మందుకు శాస్త్రీయ ఆధారం లేదని రాసిన వ్యాసం. ఊరుకోకుండా దాని కింద, "చదువుకున్నవాళ్లు కూడా ఇలాంటివి నమ్మితే ఎలా?" అని ఒక ముక్క తగిలించాను. లింకు ఎవరూ తెరవలేదు. నా ముక్క మాత్రం అందరూ చదివారు. అన్నయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తండ్రి కళ్ల ముందు ఊపిరికి కొట్టుకుంటుంటే, పక్క వీధిలో కూర్చుని ఎగతాళి చేసిన తమ్ముణ్ని ఎవడు వింటాడు? నా దగ్గరున్న మాట నిజమే. దాన్ని నేను పలికిన తీరు ఆ ఇంటి తలుపు మూసేసింది.

అధికారుల మాటలూ మా ఫోన్లలోకి వచ్చేవి. వలంటీరు పెట్టే పోస్టర్లు, పీడీఎఫ్‌లు. 'లక్షణములు ఉన్నచో సమీప ఆరోగ్య కేంద్రమును సంప్రదించగలరు.' 'భౌతిక దూరము పాటించవలెను.' తప్పులేని మాటలే. కానీ గరివిడిలో ఎవరి ఇంట్లో ఎవరు అలా మాట్లాడతారు? అవి ఏ మనిషి గొంతులోంచీ వచ్చిన మాటలు కావు. ఆనందయ్య వీడియోలో మనిషి ఉన్నాడు, ముఖం ఉంది, చెట్టు కింద కూర్చున్న జనం ఉన్నారు, మనం రోజూ మాట్లాడే తెలుగు ఉంది. ఏడో రోజు జ్వరంలో, రాత్రి తొమ్మిది గంటలకు, ఏది నమ్మబుద్ధేస్తుందో ఎవరికి వారు గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవాలి.

కారును ఆపింది నేను కాదు. మా వీధి ఏఎన్ఎం. ఊళ్లో అందరూ నర్సమ్మ అంటారు. మా పిల్లలందరికీ సూదులు వేసింది ఆవిడే. పెద్దమ్మ బీపీ చూసేదీ ఆవిడే. కారు సంగతి ఆవిడ చెవిన ఎవరు వేశారో తెలీదు. అన్నయ్య ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గుమ్మం దగ్గర స్పీకరు పెట్టి విన్నాం.

"బావూ, నాను నర్సమ్మని మాటాడతన్నాను. ఆయనకి ఏలికి మిషను ఎట్టి సూసినారా, ఎంతుంది? తొంబై నాలుగుకి కిందకి దిగితే ఇంటికాడ ఉంచడానికి లేదు. మీరు రేత్రంతా కార్లో కూకోబెట్టి తీసుకెల్తే దార్లో గాలి ఎవులు ఎడతారు? ఆ మందుకి ఎల్లొద్దని నాననట్లేదు. మందు ఎక్కడికీ పోదు. ముందల గాలి ఎట్టించండి, తరవాత మందు మాట. నెల్లిమర్లలో మంచం కోసం నాను ఫోన్ సేస్తన్నాను. మీరు ఒంద నాలుక్కి కొట్టండి. నానూ వస్తన్నాను."

నలభై సెకన్లు కూడా లేదది. అన్నయ్య రెండోసారి విన్నాడు. లోపలికి వెళ్లి పెదనాన్న వేలికి ఆక్సీమీటరు పెట్టాడు. 88.

పది నిమిషాల్లో నర్సమ్మ వచ్చింది. మాస్కు మీద మాస్కు, ముఖానికి అద్దం, చేతిలో టార్చి. పెదనాన్నను బోర్లా పడుకోబెట్టించింది. 91 అయింది. "సూసినారా, ఈ మాత్రానికే లేసింది. గాలి ఎడితే ఇంకా లేస్తాది" అంది. ఆనందయ్యను ఒక్క మాట అనలేదు. అన్నయ్యను తప్పు పట్టలేదు. పొట్లాలు కట్టిన పెద్దమ్మ చెయ్యి మాత్రం కాసేపు పట్టుకుంది.

అదే కారు ఎక్కాం. 700 కిలోమీటర్లు పోవలసిన కారు ఇరవై కిలోమీటర్లు పోయి, నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రి గేటు ముందు ఆగింది.

*

ఆసుపత్రిలో పెదనాన్నకు జరిగిన వైద్యంలో అద్భుతమేమీ లేదు. ముక్కుకు ఆక్సిజన్. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్. డెక్సామెథసోన్ అనే పాత స్టెరాయిడ్ మందు. ప్రతి మందుల షాపులో కారుచౌకగా దొరికే మందు అది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో మరణాలను అది అయిదో వంతు, వెంటిలేటరు మీదున్నవాళ్లలో మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల ప్రయోజనం కనబడలేదని కూడా అందులోనే ఉంది.

ఈ రెండో ముక్క వాట్సాప్‌లో తిరగలేదు. మొదటి ముక్కే తిరిగింది. అన్నయ్య ఫోనులో ఒక మందుల చీటీ ఫొటో ఉంది, ఏ డాక్టరుదో తెలీదు. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ వేసుకోమని అందులో రాసి ఉంది. దాని మీదా రెండు బాణాల గుర్తు. మందుల షాపు మూసి ఉండబట్టి పెదనాన్నకు అది వెయ్యలేదు. షుగరు ఉన్న మనిషికి అవసరం లేకుండా స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో ఆ మే నెలలోనే రాష్ట్రమంతా చూసింది. బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసింది.

శుక్రవారం ఉదయం ఆసుపత్రి బయట వేపచెట్టు కింద కూర్చుని ఫోనులో కృష్ణపట్నం చూశాం. జనం. ఇసకేస్తే రాలని జనం అంటారే, అదే. వేలమంది. దూరం లేదు, మాస్కులు గడ్డాల కిందికి జారిపోయాయి. కిలోమీటర్ల పొడవున వాహనాలు. వాటి మధ్య ఇరుక్కుపోయిన అంబులెన్సులు. ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని కారు వెనక సీట్లో పడుకున్న మనుషులు. పోలీసులు ఆపలేకపోయారు. ఆ రోజే పంపిణీ ఆగిపోయింది. అదే రోజు ఆ మందును భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేత పరిశీలింపజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. నెల్లూరు జిల్లావాడైన అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు కూడా ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవతో, ఆయుష్ మంత్రితో మాట్లాడారు.

అన్నయ్య ఆ జనంలో ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ ఉన్నాడు. "ఆ లైన్లో ఎక్కడో మన కారు కూడా ఉండును" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

*

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాటికో, ఆ మర్నాటికో ఇంకో వీడియో వచ్చింది. ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. పంతులుగారి నిదానమైన మాట. ఆయాసంతో చావుకు దగ్గరైన తనకు కంట్లో చుక్కలు వేశారని, కొద్ది నిమిషాల్లోనే ఊపిరి ఆడిందని ఆయనే స్వయంగా చెబుతున్నాడు. ఇది పుకారు కాదు. నటించిన వీడియో కాదు. తన అనుభవాన్ని తాను నమ్మి, పదిమందికీ మేలు జరగాలని చెప్పిన పెద్దమనిషి మాట.

అన్నయ్య ఆ ఫోను నా చేతిలో పెట్టాడు. అప్పటికి పెదనాన్న పరిస్థితి అటూ ఇటూ ఊగుతోంది. ఆక్సిజన్ పెంచారు. లోపలికి వెళ్లి చూడనివ్వరు.

"చూడు. ఆయన లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు. మా నాన్న ఇక్కడ ముక్కుకి గొట్టాలతో పడున్నాడు. తీసుకెళ్లుంటే..."

ఈసారి నేను లింకులు పంపలేదు. పక్కన కూర్చున్నాను. నాకూ అనుమానం వచ్చిందని ఒప్పుకోవాలి. ఏమో, వెళ్లి ఉంటే?

ఆ ప్రశ్నకు నెమ్మదిగా ఆలోచిస్తే జవాబు ఉంది. కోవిడ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకపోయినా కోలుకుంటారు. వందమంది ఏ కషాయం తాగినా వందలో ఎనభై మందికి పైగా బాగుపడతారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఆ కషాయానికి సాక్షే. ఆక్సీమీటరులో అంకె కూడా ఇట్టే మారుతుంది. గట్టిగా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలినా కాసేపు పెరుగుతుంది, మా పెదనాన్నకు బోర్లా పడుకుంటేనే పెరిగినట్టు. ఆ పెరుగుదల గంట తర్వాత ఉందా, మర్నాడు ఉందా అన్నదే వైద్యం అడిగే ప్రశ్న. వీడియోకు మర్నాడు ఉండదు. తీసిన క్షణంలోనే ఆగిపోతుంది. పైగా బతికినవాళ్లే వీడియోలో కనబడతారు. బతకనివాళ్లు వచ్చి మాకు పని చెయ్యలేదని చెప్పరు.

ఇవన్నీ ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ వేపచెట్టు కింద ఒక్కటీ గుర్తు రాలేదు.

*

ఫోను మనల్ని ముంచింది ఆ మే నెలలోనే కాదు. మొదటి దెబ్బ అంతకు పదిహేను నెలల ముందే తగిలింది. 2020 ఫిబ్రవరి. శ్రీకాళహస్తి దగ్గర ఒక పల్లెలో ఒక యాభయ్యేళ్ల మనిషి ఒంట్లో బాగాలేక తిరుపతి ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టర్లు ఇన్ఫెక్షన్ అన్నారు, మాస్కు పెట్టుకోమన్నారు. ఆ మాటను ఆయన ఫోనులో చూస్తున్న చైనా వీడియోలతో కలిపి చదువుకున్నాడు. తనకు వచ్చింది అదేననుకున్నాడు. భార్యాబిడ్డలను దగ్గరికి రానివ్వలేదు. వాళ్లకు అంటకూడదని తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ రోజుకు ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసు లేదు. మొదటిది నెలరోజుల తర్వాత, మార్చి 12న, నెల్లూరులో బయటపడింది. వైరస్ రాకముందే దాని భయం వచ్చి ఒక మనిషిని తీసుకుపోయింది. డాక్టరు నోటివెంట ఇంకో రెండు మాటలు, 'ఇది ఆ జబ్బు కాదు నాయనా' అని, ఆయనకు అర్థమయ్యేలా పడి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ తర్వాత పుకారు కోళ్ల మీద పడింది. చికెన్ తింటే కరోనా అన్నారు. పశువైద్య కళాశాల ఉన్న మా గరివిడిలోనే చికెన్ కొట్ల ముందు మనిషి నిలబడేవాడు కాదు. హైదరాబాద్‌లో మంత్రులు ఫిబ్రవరి 28న వేదిక మీద నిలబడి కోడిముక్కలు తిని చూపించవలసి వచ్చింది. కోళ్ల రైతులు ఆ దెబ్బకు ఎంత కుదేలయ్యారో వాళ్లకే తెలుసు.

ఏప్రిల్‌లో ఉమ్మెత్త. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు, పిల్లలతో సహా పది పన్నెండు మంది, ఉమ్మెత్త గింజలు నూరి తాగారు. టిక్‌టాక్‌లో చూశారు. ఉమ్మెత్తకాయ చుట్టూ ముళ్లుంటాయి, టీవీలో చూపించే కరోనా బొమ్మకూ ముళ్లుంటాయి, కాబట్టి దీనికి అదే విరుగుడన్నది ఆ వీడియో చెప్పిన తర్కం. ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా చెబుతారు. తాతల నాటి నుంచి వస్తున్న ఆ తెలివిని ఒక చిన్న వీడియో తుడిచేసింది. సమయానికి ఆసుపత్రికి చేర్చబట్టి అందరూ బతికారు.

విజయనగరం జిల్లా ఆ ఏడాది మే మొదటి వారం దాకా ఒక్క కేసూ లేకుండా నిలిచింది. రాష్ట్రంలో అందరికంటే చివర వైరస్ వచ్చింది మాకే. కబుర్లు మాత్రం అందరితోపాటే వచ్చాయి.

అలాగని ఫోనును పగలగొట్టమని నేను చెప్పను. పలాసలో 2020 జూన్ 26న కోవిడ్ అనుమానంతో చనిపోయిన ఒక పెద్దాయన దేహాన్ని జేసీబీ తొట్టిలో వేసుకుని శ్మశానానికి తీసుకెళ్తుంటే ఎవరో వీడియో తీశారు. అది బయటికి రాకపోతే ఆ పెద్దాయనకు జరిగిన అవమానం శ్రీకాకుళం జిల్లాలోనే సమాధి అయ్యేది. వచ్చింది కాబట్టి ముఖ్యమంత్రి స్పందించారు, బాధ్యులైన మున్సిపల్ అధికారులు సస్పెండయ్యారు. 2021 వసంతంలో ఆక్సిజన్ ఎక్కడుంది, మంచం ఎక్కడుంది అని దేశమంతా ఫోనుల్లోనే వెతుక్కుంది. అలా గోడు చెప్పుకునేవాళ్ల మీద కేసులు పెట్టొద్దని ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రభుత్వాలను హెచ్చరించింది. మా ఇంటి కారు ఆగింది కూడా ఫోనులో వచ్చిన నలభై సెకన్ల మాటతోనే. మనల్ని ముంచిన పడవలోనే ఒడ్డుకు చేరాం.

*

మే 31, సోమవారం.

ఆ రోజు రాష్ట్ర ప్రభుత్వం ఆనందయ్య మందుకు అనుమతి ఇచ్చింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ నివేదిక చూశాక తీసుకున్న నిర్ణయం. హాని ఉన్నట్టు కనబడలేదు, కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి రుజువూ లేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు మాత్రం మానొద్దు, రోగులు స్వయంగా రావొద్దు అన్నది దాని సారం. కంటి చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు.

అదే రోజు ఆ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కన్నుమూశారు. వీడియో తీసిన కొద్దికాలానికే ఆయన పరిస్థితి తిరగబెట్టింది. నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. కోలుకోలేదు.

నేను ఆనందయ్యను దోషిగా నిలబెట్టడానికి ఇది రాయలేదు. ఆయన డబ్బు తీసుకోలేదు. ఆపమంటే ఆపాడు, ఆకులూ దినుసులూ ఏమిటో అడిగితే చెప్పాడు. ఆ మాస్టారు అసలే దోషి కాదు. తనకు అనిపించింది అనిపించినట్టు చెప్పాడు. ఆయన చావును చూసి 'చెప్పలేదా' అన్నవాళ్లను ఆ రోజుల్లో చూశాను, సిగ్గేసింది. ఊపిరాడని మనిషి ఏ చేతిని పట్టుకున్నాడన్నది కాదు, అతనికి అందేంత దగ్గరలో మన చెయ్యి ఎందుకు లేదన్నది అడగాలి. నర్సమ్మ లాంటి గొంతు ఆ వీడియోకంటే వారం ముందే ప్రతి వీధి ఫోనులోకీ వచ్చి ఉండవలసింది. ఆవిడను అలా మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. రోజంతా ఇళ్లు తిరిగి, రాత్రి తనంతట తానే మాట్లాడింది.

మాస్టారు పోయిన కబురు అన్నయ్యే నాకు చూపించాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ అనుకోలేదు. తర్వాత, "పాపం, ఆయన పిల్లలు కూడా మనలాగే బయట కూర్చుని ఉంటార్రా" అన్నాడు.

జూన్ 2న పెదనాన్నను ఇంటికి పంపించారు. మెట్లు ఎక్కలేకపోయాడు, ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. పెద్దమ్మ దిష్టి తీసింది. నర్సమ్మ వచ్చి దూరంగా నిలబడి చూసి, పక్కింట్లో జ్వరమని అటే వెళ్లిపోయింది.

మా ఇంట్లో ఆ రోజు ఒక్కరం కూడా ఫోను తియ్యలేదు. ఏడో రోజు, 88 అంకె, నెల్లిమర్ల, ఆక్సిజన్, పదమూడు రోజులు అని నాలుగు మాటలు పెదనాన్న చేత చెప్పించి గ్రూపులో పెట్టాలని మాకు తోచలేదు. మా వీధిలో ఆసుపత్రికి వెళ్లి బతికి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల వీడియోలూ లేవు. వారం తిరగకుండా మాస్టారి వీడియో చీపురుపల్లి చుట్టాల నుంచి మళ్లీ మా గ్రూపులోకి వచ్చింది, అవే రెండు బాణాలతో. దాని కింద ఈసారి నేను మందలింపు రాయలేదు. 'ఈ మాస్టారు మే 31న నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలి' అని మాత్రం రాశాను. పంపిన చుట్టం గంట తర్వాత ఫోన్ చేసి, తెలీదు బావూ అన్నాడు. తీసేశాడు.

మళ్లీ ఏదైనా జబ్బు వస్తుంది, వచ్చినప్పుడు వీడియోలూ వస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో బాగుపడి గుమ్మం ఎక్కితే, దిష్టి తీశాక ఒక్క నిమిషం ఫోను తియ్యండి. ఎన్నో రోజున వెళ్లారు, ఏం చేశారు, ఎన్నాళ్లున్నారు అని వాళ్ల నోటితోనే, వాళ్ల యాసలోనే చెప్పించండి. మీ వీధి గ్రూపులో పెట్టండి.